ఊళ్లో పదకొండుమంది

ఏప్రిల్ 4

నాన్నా,

నిన్న మా దీవికి పడవ వచ్చింది. నీ ఉత్తరం తెచ్చింది. "క్షేమం. ఎండలు ముదిరాయి. వేళకు తిను." కవరు చింపడానికి పట్టినంతసేపు చదవడానికి పట్టలేదు. మా వాతావరణ కేంద్రం రేడియో ఆపరేటరు మూడు గంటలకోసారి ఇక్కడి గాలీ వానా వివరాలు పై ఆఫీసుకు పంపిస్తాడు. అందులో కూడా ఇంతకంటే నాలుగు ముక్కలు ఎక్కువుంటాయి. అమ్మ పోయిన ఈ రెండు నెలల్లో నువ్వు రాసినవన్నీ కలిపినా ఒక పేజీ నిండదు.

అందుకని నీకో పని చెప్తున్నాను. కాదనకు.

నా గదిలో కంప్యూటరు ఉంది కదా. అందులో నేను పదో తరగతి నుంచీ ఆడుతున్న ఆట ఉంది. అమ్మ దాన్ని "డబ్బాల ఊరు" అని వెక్కిరించేది. నిజమే. కొండ, చెట్టు, మేఘం, మనిషి తలకాయ, అన్నీ డబ్బాలే. అక్కడ పగలు పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు. పగలు ఏ భయమూ లేదు. చీకటి పడితే నడిచే శవాలు వస్తాయి. పచ్చటి మొహాలు. నేను పచ్చమొహాలనే అంటాను. వాటికి వర్తకులంటే పడదు.

నా ఊళ్లో పదకొండుమంది వర్తకులున్నారు. రొట్టెలాయన, పుస్తకాలావిడ, బాణాలమ్మే కవలలు, పటాలాయన, కమ్మరి, కసాయి, చేపలాయన, గొర్రెలాయన, తోళ్లాయన, తాపీమేస్త్రి. ఒక్కొక్కరికి ఒక్కో బల్ల. వాళ్లకి తలుపు తీయడం తెలుసు, పరిగెత్తడం తెలుసు. తిరగబడి కొట్టడం మాత్రం తెలీదు. నేను వాళ్లని వదిలేసి రెండేళ్లయింది. ఎవరూ చూడకపోతే ఏమైపోతారో అని బెంగగా ఉంది.

ఆగస్టులో నాకు సెలవు. అప్పటిదాకా వాళ్లని కాపాడు. దగ్గరుండి చూసుకో. ఎలా ఉన్నారో రాస్తూ ఉండు. ఎలా ఆడాలో వెనక పేజీలో రాశాను.

నీ ఉడత


ఏప్రిల్ 15

ఉడతకి,

ఆదివారం కంప్యూటరు తెరిచాను. పదకొండుమందీ ఉన్నారు. రెండుసార్లు లెక్కపెట్టాను, కదులుతూ ఉంటారు కాబట్టి.

ఊరంతా తనిఖీ చేశాను. ఇరవై తొమ్మిదేళ్లుగా లిఫ్టులు తనిఖీ చేస్తున్నవాణ్ణి, నాకు వచ్చింది అదే. తలుపులు అన్యాయంగా ఉన్నాయి. ఎవరు తోసినా తెరుచుకుంటాయి. లిఫ్టుకైతే సర్టిఫికెట్టు ఇవ్వను.

మొదటి రాత్రి చెక్కకత్తి పట్టుకుని వీధిలో నిలబడ్డాను. మూడు పచ్చమొహాలు వచ్చాయి. చచ్చిపోయాను. మంచం మీద లేచాను. మనం చస్తే మంచం మీద లేస్తాం, వాళ్లు చస్తే లేవరు. ఈ నియమం ఎవరు పెట్టారో.

రెండో రాత్రి ఒకదాన్ని చంపాను. అప్పుడే మీ పిన్ని కూర పట్టుకొచ్చింది. నేను కీబోర్డును బాదడం చూసి, "ఎవర్ని బావగారూ, అలా కొడుతున్నారు?" అంది. శవాన్ని అన్నాను. గిన్నె బల్ల మీద పెట్టి, టీ అయినా తాగకుండా వెళ్లిపోయింది.

ఊరి మధ్యలో ఎత్తైన మేడ కట్టాను. పైన గాజుగది. నాలుగు వీధులూ కనిపిస్తాయి, అక్కడుంటే నన్ను ఏదీ తాకలేదు.

దగ్గరుండి చూసుకోమన్నావు. ఉంటున్నాను.

నాన్న


ఏప్రిల్ 24

నాన్నా,

ఇదీ ఉత్తరమంటే. భోజనాల దగ్గర పైకి చదివాను. శవాన్ని కొడుతున్నానని పిన్నితో అన్నచోట వంటాయనకి పొలమారింది. రేడియో ఆయన నీ మేడ ఎన్ని అంతస్తులో కనుక్కోమన్నాడు. ఆయనకి నీ ఊరు ఇప్పుడు మా గాలివాన లెక్కల కంటే ముఖ్యం.

రెండు చిట్కాలు చెప్తాను. చీకట్లోనే పచ్చమొహాలు పుడతాయి. ఆరడుగులకో కాగడా పాతు. ఇళ్ల కప్పుల మీద మరిచిపోకు, అందరూ అక్కడే మరిచిపోతారు. ఊరి చుట్టూ మూడు డబ్బాల ఎత్తున గోడ కట్టు. పుస్తకాలావిడని కాస్త జాగ్రత్తగా చూడు. ఆవిడకి సాయంత్రం పూట వీధిలోకొచ్చి నిలబడే అలవాటు. లోపలికి పొమ్మంటే వినదు, నీలాగే.

నిన్న పైగాలిని కొలిచే బుడగ వదులుతుంటే తాడు నా మణికట్టుకి చుట్టుకుంది. చిన్న గీరు. కంగారుపడకు.

నీ ఉడత


మే 3

ఉడతకి,

పదిమంది.

పటాలాయన పోయాడు. కళ్లముందు జరగలేదు. చూసేసరికి బల్ల ఉంది, ఆయన లేడు.

కాగడాలు నూట నలభై రెండు పాతాను. కప్పుల మీద కూడా. గోడ పూర్తయింది. మూలలు తట్టి చూశాను. సందు లేదు. అయినా పోయాడు.

నాలుగు రోజులకి కవలల్లో ఒకడు. అదీ కళ్లముందు కాదు. రెండోవాడు రోజంతా ఆ ఖాళీ బల్ల చుట్టూ తిరిగాడు. ఆటలో అలాంటిదేమీ ఉండదని నువ్వంటావు. నేను చూసింది రాస్తున్నాను.

తొమ్మిదిమంది. తప్పు ఎక్కడుందో దొరకడం లేదు. లిఫ్టు పడితే తాడో, బ్రేకో, తలుపో ఏదో ఒకటి చెప్తుంది. ఇక్కడ అన్నీ సరిగ్గా ఉన్నాయి, మనుషులు పోతున్నారు.

మణికట్టుకి మందు రాశావా? కట్టు తడపకు.

నాన్న


మే 13

నాన్నా,

పటాలాయనకి మేం ముగ్గురం ఒక నిమిషం మౌనం పాటించాం. తర్వాత వంటాయన తీర్పు చెప్పాడు. "మీ నాన్నగారు లిఫ్టులకే పనికొస్తారమ్మా, ఊళ్లకి కాదు." కడుపుబ్బ నవ్వుకున్నాం. నువ్వూ నవ్వు.

కానీ నాన్నా, అంత మేడ కట్టుకుని, గాజుగదిలో కూర్చుని, మనిషి పోతుంటే చూడలేదంటావేం? అసలు ఎక్కడికెళ్లావు?

ఇనుప కాపలాదారుని ఒకణ్ణి తయారుచెయ్యి. నాలుగు ఇనుపడబ్బాలు నిలబెట్టి పైన గుమ్మడికాయ తల పెడితే చాలు, ప్రాణం వస్తుంది. వాడు పచ్చమొహాల్ని ఎత్తి విసిరేస్తాడు. ఊరి మధ్యలో ఒక గంట కూడా కట్టు. మోగిస్తే వర్తకులందరూ ఇళ్లలోకి పరిగెడతారు.

కట్టు తడపలేదు. మానిపోయింది.

నీ ఉడత


మే 22

ఉడతకి,

ఎక్కడికెళ్లావని అడిగావు. ఉద్యోగానికి వెళ్లాను. మనిషి ఎక్కడికో ఒకచోటికి వెళ్లక తప్పదు.

నువ్వు అడగాలనుకున్నది అది కాదని నాకు తెలుసు. మీ పిన్ని నీకు చెప్పిందనీ తెలుసు. ఊరు అప్పజెప్పినప్పుడే అర్థమైంది.

ఎనిమిదిమంది. కసాయి పోయాడు. అది పదమూడో తేదీ. పదిహేను నుంచి రెండు నెలలు సెలవు పెట్టాను. ఇక ఎక్కడికీ వెళ్లను.

కాపలాదారుని నిలబెట్టాను. గంట కట్టాను.

నాన్న


జూన్ 1

నాన్నా,

ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు.

ఒకే పడవలో రెండు కవర్లొచ్చాయి. ఒకటి నీది, ఒకటి పిన్నిది. పిన్ని నాలుగు పేజీలు రాసింది. నువ్వు సెలవు పెట్టి ఆ కుర్చీలోంచి లేవడం లేదట. గడ్డం పెరిగిందట. స్నానానికి వెళ్తే తలుపు తీసే ఉంచుతావట, ఆ ఊరి చప్పుడు వినపడాలని. ఆఫీసు నుంచి ఒకాయన వస్తే గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపావట. పిన్ని అన్నది అన్నట్టే రాస్తున్నాను. "అక్క మంచాన ఉన్నప్పుడు కూడా మీ నాన్న ఇంతలా కూర్చోలేదే. నాకు భయంగా ఉంది."

అది ఆట నాన్నా. వాళ్లు డబ్బాలు. అందరూ పోయినా ఫర్వాలేదు. ఆఫీసుకి వెళ్లు.

ఇక నీ ఉత్తరం. ఎక్కడికెళ్లావని నేనడిగింది వేళాకోళానికి. నువ్వు దానికి ఎత్తిపొడుపుగా జవాబిచ్చావు. నేను అడగాలనుకున్నది వేరే ఉందన్నావు. ఆ మాట చదివాక రెండుసార్లు వర్షమాపకం చూడ్డం మరిచిపోయాను. ఈ రెండేళ్లలో ఎప్పుడూ మరవలేదు.

అయితే ఇప్పుడు అడుగుతున్నాను. అమ్మ పోయినప్పుడు నువ్వు గదిలో లేవని పిన్ని చెప్పింది. ఎక్కడికెళ్లావు?

నీ కూతురు


జూన్ 10

ఉడతకి,

అడిగావు కాబట్టి రాస్తున్నాను.

ఆసుపత్రిలో అమ్మ గది మూడో అంతస్తు. ఆ రోజు పొద్దున్న పదకొండూ పది అయింది. కళ్లు మూసుకుని ఉంది. వార్డు ఆయా వచ్చి, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయిందని, లోపల ముగ్గురున్నారని, అందులో ఒకామె నిండు నెలల మనిషని, ఊపిరాడక కేకలేస్తోందని చెప్పింది. కంపెనీ మనిషి రావడానికి గంట పడుతుందట. నేను లిఫ్టుల ఇన్‌స్పెక్టరునని ఆయాకి ఎలా తెలుసంటే, అమ్మే చెప్పింది. వార్డంతా చెప్పుకుంది.

అమ్మని లేపలేదు. ఇప్పుడే వస్తానని కూడా చెప్పలేదు. నిద్ర చెడుతుందనుకున్నాను.

పైన లిఫ్టు మోటారు గదికి వెళ్లి, ఆసుపత్రి మనిషి ఒకడి సాయంతో బ్రేకు వదులు చేసి, చేత్తో చక్రం తిప్పి, అంగుళం అంగుళం దించాం. నలభై నిమిషాలు. ముగ్గురూ బయటికి వచ్చారు. ఆ నెలల మనిషి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. దానికి ఇంకో రెండు నిమిషాలు.

మెట్లెక్కి వచ్చాను. గదిలో నర్సు ఉంది. మీ పిన్ని ఉంది.

అదీ నేను వెళ్లిన చోటు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. సాకులా వినిపిస్తుంది.

ఊరి సంగతి. రెండో కవల పోయాడు, నేను అన్నం వండుతుండగా. ఏడుగురు మిగిలారు. తర్వాత ఒకరోజు మధ్యాహ్నం వీధిలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. అయిదు గంటలు కరెంటు లేదు. తెర నల్లగా ఉంది. ఏమీ చేయలేక కుర్చీలోనే కూర్చున్నాను. అయిదు గంటలు ఊరికి దిక్కు లేదు. ఒక్కరూ మిగలరనుకున్నాను. కరెంటు వచ్చింది. ఏడుగురూ ఉన్నారు. పుస్తకాలావిడ వీధిలో అలాగే నిలబడి ఉంది. అదృష్టమంటే అదే కాబోలు.

ఆ అదృష్టం మూడు రోజులే. నేను టీ పెట్టుకుని వచ్చేలోపు పచ్చమొహం ఆమెని కరిచింది. ఆమె చావలేదు. మారిపోయింది. అదే అంగీ, మొహం పచ్చన. నా మీదికే చేతులు చాపుకుంటూ వచ్చింది. కత్తి ఎత్తాను. వేయలేకపోయాను. గొయ్యి తవ్వి అందులో పడేలా చేసి, పైన కప్పు వేశాను. అందులో మూలుగుతోంది. ఏం చేయాలో రాయి.

నాన్న


జూన్ 19

నాన్నా,

పడవ రేవులోనే ఉంది, నాకోసం పావుగంట ఆగుతామన్నారు. తొందరలో రాస్తున్నాను.

కరెంటు పోయిన అయిదు గంటల గురించి రాసింది మళ్లీ చదివాను. నాన్నా, నువ్వు ఆ ఆటని ఎప్పుడైనా ఆపావా? ఆఫీసుకి వెళ్లేటప్పుడు? పడుకునేటప్పుడు? ఆపకుండా, నీ బొమ్మని ఆ గాజుగదిలో నిలబెట్టి వెళ్లేవాడివా?

ఆట ఆపితే ఆ లోకం ఆగిపోతుంది. సూర్యుడు కదలడు. పచ్చమొహం ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంటుంది. మళ్లీ తెరిచినప్పుడే అన్నీ కదుల్తాయి. నువ్వు లేనంతసేపూ అక్కడ ఎవరికీ ఏమీ కాదు. మనిషి దగ్గర ఉంటేనే పచ్చమొహాలు పుడతాయి. పది రాత్రుల్లో ఒక రాత్రి గుంపుగా ఊళ్లోనే పుడతాయి, కాగడాలూ గోడా వాటినేం చేయలేవు. నువ్వు ఎనిమిది గంటలు ఆఫీసులో ఉంటే అక్కడ ఇరవైనాలుగు రాత్రులు గడిచాయి. ఇరవైనాలుగు రాత్రులూ నువ్వు కదలకుండా మేడ మీద నిలబడి ఉన్నావు. అందుకే వాళ్లు పోయారు.

ఉద్యోగానికి వెళ్లానని నువ్వు రాసినప్పుడే పట్టుకోవాల్సింది. ఎత్తిపొడుపు అనుకున్నాను.

తప్పు నాది. ఎవరూ చూడకపోతే ఏమైపోతారో అని రాశాను. అబద్ధం. నేను వదిలేసిన రెండేళ్లు వాళ్లకి ఒక్క క్షణం కూడా కాదు. ఆ ఊరికి ఎవరి కాపలా అక్కర్లేదు. నాకు నీ ఉత్తరాలు కావాలి, అంతే.

పుస్తకాలావిడని మళ్లీ మనిషిని చెయ్యొచ్చు. నా ఇంట్లో మంచం పక్కన పెట్టెలో నీరసం మందు సీసాలు రెండున్నాయి. ఒకటి ఆవిడ మీద విసిరి, తర్వాత బంగారు ఆపిల్ తినిపించాలి. బంగారం నువ్వే తవ్వాలి, ఎనిమిది కడ్డీలు. తిన్నాక ఆవిడ వణుకుతుంది. నాలుగైదు నిమిషాలు. మొదలుపెట్టాక మధ్యలో వదలొద్దు, నువ్వు దగ్గరుండాలి. సీసాలు అయిపోతే మళ్లీ చేయడం నీకు రాదు.

లిఫ్టు సంగతి ఇప్పుడు రాయలేను. హారన్ కొడుతున్నారు.

నీ ఉడత


జూన్ 27

ఉడతకి,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

ఎందుకు ఆపలేదంటే, లోపల మనుషులుండగా మెయిన్ స్విచ్ ఆపకూడదు. ఉద్యోగంలో చేరిన రోజు నేర్పిన మొదటి పాఠం. ఆపితే ఉన్నవాళ్లు ఉన్నచోటే ఇరుక్కుపోతారు. ఆట నుంచి బయటికి వెళ్లే మీట మొదటిరోజే చూశాను. లోపల పదకొండుమంది ఉన్నారు. దాని మీద వేలు పెట్టలేదు.

చేపలాయన నీ ఉత్తరం వచ్చే ముందురోజు పోయాడు. పటాలాయన, కవలలు, కసాయి, చేపలాయన. అయిదుగురు నేను నిలబడి ఉన్నందువల్ల పోయారు.

కోపం వచ్చింది. ఉత్తరాలు కావాలంటే అడగాల్సింది. అడిగితే రాసేవాణ్ణా అని తర్వాత ఆలోచించాను. రాసేవాణ్ణి కాదు.

నువ్వు చెప్పింది నమ్మాను. అయినా ఇంకా ఆపలేదు. నిన్న రెండుసార్లు మీట దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. కరెంటు పోవడం వేరు. నా చేత్తో ఆపి లేచి వెళ్లడం వేరు.

బంగారం తవ్వుతున్నాను. మూడు కడ్డీలయ్యాయి. పుస్తకాలావిడ గోతిలో ఉంది. పైన రెండో కప్పు వేశాను. మిగతా అయిదుగురినీ ఇళ్లలో పెట్టి తలుపులకి అడ్డంగా రాళ్లు పేర్చాను. వాళ్లు కిటికీలోంచి చూస్తున్నారు.

పదిహేనున ఉద్యోగంలో చేరకపోతే సంజాయిషీ ఇవ్వాలని మెమో వచ్చింది.

నాన్న


జూలై 6

నాన్నా,

ఆపమని మళ్లీ చెప్పను. నీ చెయ్యి ఎప్పుడు వెళ్తే అప్పుడే ఆపు. పదిహేనున మాత్రం ఉద్యోగానికి వెళ్లు. అయిదుగురినీ ఇళ్లలో బంధిస్తే బల్లల దగ్గరికి వెళ్లలేరు, సరుకు పోగవదు. బతికే ఉంటారు, అంతే. రాళ్లు తీసెయ్యి.

లిఫ్టు సంగతి. వారం రోజులు రాసి చింపాను.

అమ్మకి బాగా లేదని రేడియోలో కబురొచ్చినప్పుడు పడవ వెళ్లిపోయి రెండు గంటలైంది. మళ్లీ వారానికే కదా. నేను వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. అది నీకు తెలుసు. తెలియనిది చెప్తాను. నువ్వు కూడా గదిలో లేవని పిన్ని చెప్పినప్పుడు నీ మీద కోపం రాలేదు. కాస్త ఊరట కలిగింది. నేనొక్కదాన్నే లేకుండా పోలేదు కదా అని. రాయడానికి సిగ్గుగా ఉంది. నువ్వు నన్ను ఒక్క మాట కూడా అడగలేదు, పడవెందుకు అందుకోలేదని. అడగకపోవడం కోపమే అనుకున్నాను. రెండేసి ముక్కల ఉత్తరాలు అందుకే అనుకున్నాను.

వార్డంతా చెప్పుకుందని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఆవిడ మన ముందు ఎప్పుడైనా నిన్ను ఒక్క ముక్క మెచ్చుకుందా?

నెలలు నిండిన ఆ మనిషికి ఏం పుట్టిందో నువ్వు కనుక్కోలేదు. నాకు తెలుసు, నువ్వు కనుక్కోవు.

నీ ఉడత


జూలై 16

ఉడతకి,

ఆరుగురు.

పుస్తకాలావిడ మళ్లీ మనిషైంది. గోతిలోంచి మెట్లు కట్టాను. ఎక్కివచ్చి, తన బల్ల దగ్గర ఏమీ జరగనట్టు నిలబడింది. నాకు మాత్రం పుస్తకం సగం ధరకి ఇస్తోంది. రొట్టెలాయనకి మూడు నెలలు కాపలా కాస్తే ఒక్క రొట్టె తగ్గించలేదు. తలుపుల దగ్గర రాళ్లు తీసేశాను.

నీ ఉత్తరం పద్నాలుగున అందింది. నీ మీద కోపం ఎప్పుడూ లేదు. పడవ గురించి అడగలేదు, ఎందుకంటే అడిగితే నువ్వు తిరిగి నన్ను అడుగుతావు. అంతే కారణం. అమ్మ నన్ను మెచ్చుకోవడం నేను కూడా వినలేదు. ఆయా చెప్తేనే తెలిసింది. ఏం పుట్టిందో కనుక్కోలేదు. నిజమే.

ఇక నిన్నటి సంగతి. ఎనిమిదో కడ్డీ నిన్న పొద్దున్న ఎనిమిదిన్నరకి తయారైంది. ఆఫీసు జీపు తొమ్మిదింటికి. గడ్డం గీసుకుని, బట్టలు వేసుకుని, కుర్చీలో కూర్చున్నాను. సాయంత్రం తీరిగ్గా చేయొచ్చు. అప్పటిదాకా ఆగలేదు.

మొదటి సీసా గోడకి తగిలి పగిలింది. రెండోది విసరడానికి చాలాసేపు పట్టింది. తగిలింది. గోతిలోకి దిగి ఆపిల్ ఇచ్చాను. నా మీదికి రాబోతూ ఆగింది. ఎర్రటి పొగలాంటిది లేచింది. వణకడం మొదలైంది.

తొమ్మిదికి నాలుగు నిమిషాలు. కింద జీపు హారన్ కొట్టింది. అయిదు నిమిషాలు ఆగమంటే డ్రైవరు ఆగేవాడు. మంచి మనిషి. పదేళ్లుగా ఆగుతూనే ఉన్నాడు. కిటికీ దగ్గరికి వెళ్లి, వస్తున్నానని చెప్పాను.

మధ్యలో వదలొద్దన్నావు. నువ్వు రాసింది అక్షరాలా గుర్తుంది. ఆమె వణుకుతూనే ఉంది. ఆపే మీట నొక్కాను. తెర మీద ఊరు పోయింది. కంప్యూటరు కూడా ఆపేశాను. కరెంటు పోయిన ఆ ఒక్కరోజు తప్పిస్తే, మూడు నెలల్లో మొదటిసారి ఆ గది నిశ్శబ్దంగా ఉంది. ఫ్యాను చప్పుడు ఇన్నాళ్లూ ఆ పెట్టెదని అప్పుడు తెలిసింది.

పని ఎక్కువే ఉంది. ఏడంతస్తుల ఇల్లు, తాడు మార్చారు, బరువు పెట్టి పరీక్షించాలి. జనం అప్పటికే కాపురాలు పెట్టేశారు. మూడుసార్లు దించి ఎత్తించాను. నాలుగోసారి కూడా అడిగితే మెకానిక్కు, "సార్, ముందు టీ తాగండి" అన్నాడు. తాగాను. నాలుగోసారి కూడా దింపించాను. సంతకం పెట్టాను. నేరుగా ఇంటికి వచ్చాను. గదిలోకి వెళ్లేసరికి ఏముంటుందో అని, ఫిబ్రవరిలో మెట్లెక్కినట్టే మన మెట్లెక్కాను.

ఆరుంబావు అయింది. చెప్పులు విప్పలేదు. తెరిచాను.

గోతిలో, నేను వదిలిన మూలలోనే, అటే తిరిగి, అలాగే వణుకుతోంది. పొగ కూడా ఉంది. ఆమెకి ఒక్క క్షణం కూడా గడవలేదు.

వచ్చాను అన్నాను. పైకే అన్నాను.

నాన్న